తిరగేసి ఆరేసిన చొక్కాలు

కూతురి మొహం మీద సెక్రటరమ్మకి ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఆ మొహానికి జరిగే సేవ మీదే.

రాత్రి కంచం కడిగిపెట్టగానే పిల్ల బాత్రూంలో దూరుతుంది. సబ్బు కాని సబ్బు ఏదో పెట్టి మొహం కడుగుతుంది. తువ్వాలుతో తుడవదు, అద్దుతుంది. తుడిస్తే దానికి నొప్పి పుడుతుంది కాబోలు. తర్వాత ఫ్యాను కింద కళ్ళు మూసుకుని కూర్చుని మొహం ఆరబెట్టుకుంటుంది. బట్టలు ఆరబెట్టేవాళ్ళని చూసింది గాని, మొహాన్ని ఆరబెట్టే మనుషులుంటారని సెక్రటరమ్మకి ఈ వయసులో తెలిసొచ్చింది. అది పూర్తిగా ఆరాక, డాక్టరు రాసిచ్చిన ట్యూబు. రెండు మందులు కలిపిన జెల్ అట. వేలి చివర బఠాణీ గింజంత తీసుకోవాలి. నుదుటి మీద ఒక చుక్క, చెంపకో చుక్క, గడ్డం మీద ఒకటి పెట్టి, మొహమంతా పలచగా సర్దాలి. ఉన్న మొటిమలకి రాస్తే సరిపోదు, రాబోయే మొటిమలకి కూడా ముందుగానే మర్యాద చెయ్యాలి.

ఇంతా చేస్తే మొహం కందిపోయి, ముక్కు పక్కన పొట్టు లేచి, ఎండలో పడి తిరిగొచ్చినట్టు ఉంటుంది. మొదట ఎక్కువవుతాయనీ, ఆ తర్వాతే తగ్గుతాయనీ డాక్టరు ముందే చెప్పాడట.

"భలే వైద్యం," అంది సెక్రటరమ్మ ఒకసారి. "పెరిగినా మందు పనిచేస్తున్నట్టే, తగ్గినా పనిచేస్తున్నట్టే."

పిల్ల నవ్వలేదు. ఈ మధ్య ఆ ఇంట్లో జోకులు వేసేవాళ్ళున్నారు గాని నవ్వేవాళ్ళు లేరు. నవ్వే మనిషి హాల్లో గోడ మీద ఫోటో అయిపోయాడు.

అసలు సెక్రటరీ ఆయనే. ఆ నాలుగంతస్తుల బిల్డింగులో మోటారు ఎవరు వెయ్యాలి, మెట్లు ఎవరు కడగాలి, పై వాటా నీళ్ళు కింద వాటాలోకి ఎందుకు కారుతున్నాయి అని చూసుకునే పని. జీతం లేదు, తిట్లు మాత్రం ఉంటాయి. ఆయన పోయాక ఆ కుర్చీలోకి రావడానికి ఎవరూ ఇష్టపడలేదు. "మీరే ఉండండమ్మా, మీకూ కాలక్షేపం," అన్నారు. అలా సెక్రటరీ గారి భార్య కాస్తా సెక్రటరమ్మ అయింది.

ఆవిడ మనసులో ఉన్న అసలు ఫిర్యాదు ఎవరితోనూ అనలేదు. తండ్రి పోయిన రోజున కూడా పిల్ల ఏడవలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, కుర్చీలు వేసింది. ధైర్యం గల పిల్ల అన్నారు అందరూ. ఆ మాట సెక్రటరమ్మ చెవికి మెచ్చుకోలులా సోకలేదు. ఆ రోజు సాయంత్రం కూడా బాత్రూంలో కుళాయి చప్పుడైంది. మొహం కడుక్కుంది, ఆరబెట్టుకుంది, బఠాణీ గింజంత రాసుకుంది.

ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఏదో ఒక పని చెయ్యాలనిపిస్తుంది. చేసే పని ఒకటే. బీరువా తెరిచి, ఆయన చొక్కాలు రెండు తీసి ఉతుకుతుంది. అలాగే ఉంచేస్తే ముక్కవాసన వస్తాయని. అందరి బట్టలతో పాటు అవీ వారం వారం ఉతుకుపడతాయి, ఇస్త్రీకి వెళ్ళొస్తాయి, బీరువాలో అడుగు వరసలోకి చేరతాయి. పై వరసలో ఉన్నవాటి వంతు మళ్ళీ వస్తుంది. మనిషి రేపు ఆఫీసుకి వెళ్ళాలన్నట్టే.

రంగు చొక్కా తిరగేసి ఉతకాలి, తిరగేసి ఆరెయ్యాలి, తిరగేసే ఇస్త్రీకి పంపాలి. ఇది ఆయన పెట్టిన రూలు. "ఇస్త్రీ అబ్బాయి తిప్పుకుంటాడులే, మళ్ళీ నువ్వు తిప్పడం దేనికి? ఒక్కో తిప్పుడుకీ గుడ్డ నలుగుతుంది," అనేవాడు. ఆయనున్నప్పుడు ఆ రూలు మీద ఆవిడ బోలెడు వాదించింది. ఇప్పుడు అవతలి పక్షం లేదు కనక పాటిస్తోంది.

బుధవారం సాయంత్రం ఇస్త్రీ మూట విప్పితే, పైనే ఉన్న ముదురు నీలం చొక్కా కుడి భుజం మీద మచ్చలు కనిపించాయి. మరకలు కావు, రంగు పోయిన చోట్లు. గులాబీకీ నారింజకీ మధ్య ఏదో పాలిపోయిన రంగు. ఒకటి అరచెయ్యంత, దాని చుట్టూ చిన్నవి, కాలరు దాకా పాకి. గోరుతో గీకింది. తడి గుడ్డతో అద్దింది. పోవడానికి అక్కడ ఏమీ లేదు. ఉండాల్సిన రంగే లేదు.

పెళ్ళిరోజుకి తనే కొన్న చొక్కా అది. ఆవిడ చెప్పులేసుకోకుండానే మెట్లు దిగింది.

ఇస్త్రీ అబ్బాయికి యాభై దాటాయి. ఈ వీధిలోకి వచ్చినప్పుడు అబ్బాయి, ఆ పేరు మార్చాలన్న ఆలోచన తర్వాత ఎవరికీ రాలేదు. మెట్ల కింద ఏటవాలు కప్పు ఉన్న మూల అతనిది. ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల కంబళి, పైన కమిలిన దుప్పటి, బొగ్గుల పెట్టె, మూతకి సన్నటి చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా. తల వంచుకునే పనిచెయ్యాలి, నిటారుగా నిలబడితే మెట్టు తగులుతుంది. మూల మీద వేలాడే బల్బు ఒకటి.

"ఇదేంటబ్బాయ్?" అంది చొక్కా పరిచి.

అతను ఇస్త్రీ పెట్టెని ఇటుక మీద నిలబెట్టాడు. చేతులు తుడుచుకుని, చొక్కాని తాకకుండానే చూశాడు.

"తిప్పినప్పుడు నేనూ చూశానమ్మగారూ. ముందే ఉంది."

"ముందే ఉంటే చెప్పాలిగా?"

"చెబుదామనే అనుకున్నా. సార్ చొక్కా కదా అని…" అతను ఆగిపోయాడు.

"సార్ చొక్కా కాబట్టే చెప్పాలి!"

అతను దుప్పటి అంచు సర్దాడు. సర్దడానికేమీ లేదు, అయినా సర్దాడు. సెక్రటరమ్మ చూపు బల్ల కిందికి పోయింది. మెట్లు కడిగే ఆవిడ బ్లీచింగ్ డబ్బా అక్కడుంది, మూత సగం తిరిగి. దానికి ఆనుకునే అతని నీళ్ళ బకెట్టు.

"ఈ డబ్బా ఇక్కడెందుకుంది?"

"అది మెట్లావిడదమ్మా. ఎప్పుడూ అక్కడే పెడుతుంది."

"నువ్వు చిలకరించే నీళ్ళు ఈ బకెట్టులోవేనా?"

అతనికి అర్థమైంది. సీసా తీశాడు, చిల్లుల మూత తిప్పి తీశాడు, తల వెనక్కి వాల్చడానికి ముందుకి ఒక అడుగు వేసి, గుటక గుటకగా సగం సీసా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నా నీళ్ళే అమ్మగారూ."

 అది చూసి ఆవిడ అప్పుడే వెనక్కి తిరిగిపోయి ఉంటే బాగుండేది. కానీ చేతిలో చొక్కా ఉంది.

"నువ్వు తాగితే దీని మీద మచ్చలు పోతాయా? ఇంకోటి కూడా అడుగుదామనుకుంటున్నా ఎప్పట్నుంచో. గోధుమరంగు గళ్ళ చొక్కా ఏది? బీరువాలో లేదు."

"అది నాకు రాలేదమ్మా." అతని గొంతు చిన్నదైంది. "ఆ చొక్కాలోనే కదా సార్ ఆస్పత్రికి వెళ్ళింది. కిందికి దిగుతూ నాతో మాట్లాడారు. ఆ తర్వాత అది నా దగ్గరికి రాలేదు."

"అంటే నేను పారేసుకున్నాననా?"

అప్పుడు మెట్ల మీది నుంచి లెక్కల మాస్టారు దిగుతున్నారు. మూడో అంతస్తు. రిటైరై చాలా కాలమైంది. చెవి మందం, ఏదైనా రెండుసార్లు చెప్పాలి. మోటారు చెడిపోయిందని నాలుగిళ్ళవాళ్ళు కలిసి అరిచినా "ఏంటీ?" అనే మనిషికి ఆ రోజు మాత్రం మొదటిసారే వినపడింది.

"బట్టలు పాడుచేస్తున్నాడా? చొక్కా కూడా పోయిందా?" అన్నారు కళ్ళజోడు సర్దుకుంటూ. "నేను ముందునుంచీ చెబుతున్నా సెక్రటరమ్మా, ఈ మూల ఖాళీ చేయిస్తే నా స్కూటరు వానకి తడవకుండా ఉంటుందని. మీ ఆయన వినలేదు. ఆదివారం లోపు తీసెయ్యమనండి."

సెక్రటరమ్మ చొక్కా మడతపెట్టింది. కుడి భుజం కనపడకుండా లోపలికి పెట్టి మడిచింది.

"సరే," అంది.

ఒక్క మాటే. చాలా చిన్న గొంతుతోనే అంది. అయినా గురువారం పొద్దున్నకి ఆ మాట నాలుగంతస్తులూ ఎక్కేసింది.

వరండా రెయిలింగు మీద ఆరేసిన బట్టలు తిప్పుతూ ఆవిడ కిందికి చూసింది. ఎదురువాటావిడ తన మూట అందుకుంది. మామూలుగా అయితే అందుకోవడం, వెళ్ళిపోవడం. ఈ రోజు బల్ల మీదే మూట విప్పింది. ఒక్కో బట్టా తీసి, మడత విప్పి, వెలుగుకి పట్టి, వెనకా ముందూ చూసి, మళ్ళీ తనకి చేతనైనట్టు మడిచింది. అతను పక్కన నిలబడి ఉన్నాడు, బళ్ళో తనిఖీకి నిలబడ్డట్టు. అంత శ్రద్ధగా పెట్టిన మడతలు అతని కళ్ళముందే ఊడిపోతుంటే, చెయ్యి ఒకసారి ముందుకొచ్చి ఆగింది. ఎదురువాటావిడ తర్వాత రెండో అంతస్తువాళ్ళు. వాళ్ళూ విప్పారు.

సెక్రటరమ్మ లోపలికొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కరెంటు ఇస్త్రీ పెట్టె దుమ్ము దులిపి, ఆయన తెల్ల చొక్కా ఒకటి తనే ఇస్త్రీ చేద్దామని కూర్చుంది. కాలరు దగ్గర రెండు ముడతలు పడ్డాయి. ఒకదాన్ని సరిచేస్తే అది జరిగి పక్కన లేచింది. చివరికి కాలరుని చేత్తో నొక్కి పట్టుకుని అలాగే కూర్చుంది, వేడి తగ్గిపోయేదాకా.

శుక్రవారం పిల్ల కాలేజీ నుంచి రాగానే బ్యాగు దించకుండా అడిగింది.

"ఇస్త్రీ అంకుల్ని ఎందుకు పంపించేస్తున్నారమ్మా?"

"నాన్న చొక్కా నాశనం చేశాడు. ఒకటి కాదు, ఆకుపచ్చ గీతలది కూడా తీసి చూశాను, దాని మీదా ఉన్నాయి. బ్లీచింగు నీళ్ళు."

"ఆయన కాదేమో."

"మరి నువ్వా?"

సెక్రటరమ్మ ఊరికే అంది, వెటకారానికి. పిల్ల బ్యాగు పట్టీ మీద వేళ్ళు బిగించింది. మొహం మీద పొట్టు లేచిన చోట గీరుకోబోయి, గీరకూడదని గుర్తొచ్చి చెయ్యి దించేసింది.

భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట వచ్చింది. పిల్ల అన్నం కెలుకుతోంది.

"నాన్న ఆయన్ని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు," అంది.

"నాన్న ఎవర్ని మాత్రం అన్నాడు? అందుకే అందరూ నెత్తికెక్కారు. నువ్వు కూడా."

"పాడైంది చొక్కానే కదమ్మా."

సెక్రటరమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది.

"చొక్కానే కదా! అవునే, నీకు చొక్కానే. నీకు నీ మొహం ఉంటే చాలు. ఇంట్లో మనిషి లేకుండా పోయినా నీ ట్యూబు నీకు అడ్డం పడలేదు. ఒక్క పూట, ఒక్క పూట మానేశావా అది? ఒక్క చుక్క కన్నీరు కార్చావా?"

పిల్ల లేచింది. కంచం కడిగింది, బోర్లించింది. బాత్రూంలో కుళాయి తిరిగింది. ఈసారి చాలాసేపు తిరిగింది.

శనివారం పొద్దున్న తలుపు తట్టిన చప్పుడు. ఇస్త్రీ అబ్బాయి. చేతిలో చివరి మూట. లోపలికి రమ్మంటే రాలేదు, ఎప్పుడూ రాడు. మూట ఆవిడ చేతికి ఇవ్వలేదు. గుమ్మం పక్కనున్న స్టూలు మీద పెట్టి, ముడి విప్పి, ఒక్కో బట్టా విప్పదియ్యడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావ్?"

"చూసుకోండమ్మగారూ. మళ్ళీ తర్వాత మాట రాకుండా."

"వద్దులే. ఉండనీ."

అతను వినలేదు. పిల్ల కాలేజీ డ్రెస్సు, దుప్పటి, ఆవిడ జాకెట్లు, అన్నీ విప్పి చూపించాడు. చూపించినవాటిని మళ్ళీ మడిచాడు. అరచేత్తో ఒక్కో మడత మీదా రాసి సాపు చేశాడు. అంతా అయ్యాక జేబులోంచి ఒక బల్బు తీసి మూట మీద పెట్టాడు.

"ఇదేంటి?"

"సార్ పెట్టించింది. మూలలో చీకటిగా ఉంటుందని, మీ మీటరు నుంచి వైరు లాగించారు. నాది కాదు కదమ్మా."

అతను వెళ్ళిపోయాక ఆవిడ బల్బు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వంటింట్లో పెడితే పగులుతుందేమో. షెల్ఫులో పెడితే దొర్లుతోంది. చివరికి బీరువాలో, ఆయన చొక్కాల మధ్యన పెట్టింది. అక్కడ కదలకుండా ఉంది.

ఆదివారం దుప్పట్లు ఉతికే రోజు.

పిల్ల తలస్నానానికి వెళ్ళింది. సెక్రటరమ్మ దాని గదిలో మంచం మీది దుప్పటి లాగింది. కుర్చీకి వేలాడుతున్న ముదురు ఎరుపు తువ్వాలు కూడా ఉతకాలని తీసింది. తీసి, ఆగింది. తువ్వాలు మధ్యలో పాలిపోయిన మచ్చలు. గులాబీకీ నారింజకీ మధ్య. చొక్కా మీదున్న రంగే. ఈ తువ్వాలు ఇస్త్రీకి పోదు. తువ్వాళ్ళని ఎవరు ఇస్త్రీ చేయిస్తారు?

ఆవిడ తువ్వాలుని రెండు చేతుల్లో పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చింది. మచ్చలు సరిగ్గా మొహమంత మేర ఉన్నాయి. నుదురు, రెండు చెంపలు, గడ్డం.

తెల్ల గలీబులే కావాలని పిల్ల పట్టుబట్టడం గుర్తొచ్చింది. పూల గలీబులు నచ్చలేదేమో, ఫ్యాషన్ కాబోలు అనుకుంది అప్పుడు. దిండు అందుకుంది. దిండు ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంది. గలీబు గుండీలు తీసి చెయ్యి పెట్టింది. మెత్తటి గుడ్డేదో తగిలింది. లాగింది.

గోధుమరంగు గళ్ళ చొక్కా.

ఉతకలేదు. మోచేతుల దగ్గర ముడతలు ఆయన చేతులు మడిచినప్పుడు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. జేబులో ఆస్పత్రి పార్కింగు చీటీ నలిగి ఉంది. కుడి భుజం మీద, కాలరు పక్కన, పసుపుపచ్చగా పాలిపోయిన మచ్చలు. ఒకదాని మీద ఒకటి పడి పెద్దవైపోయిన మచ్చలు. అంచులు తడిలో నానినట్టు పాకి ఉన్నాయి.

కిందికి ఎప్పుడూ వెళ్ళని చొక్కా. బొగ్గుల పెట్టె తగలని చొక్కా.

చొక్కాని మంచం మీద పరిచింది. ఒక మనిషి పడుకున్నట్టు పరిచింది. పక్కన ఇంకో మనిషి పడుకుని, ఆ భుజం మీద చెంప ఆనిస్తే సరిగ్గా ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంది మచ్చ. చిన్నప్పుడు పిల్లకి జ్వరమొస్తే ఆయన ఎత్తుకుని తిప్పేవాడు, కుడి భుజం మీదే వేసుకుని. ఎడమ భుజం నొప్పి ఆయనకి.

తలుపు చప్పుడైంది. పిల్ల జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా గుమ్మంలో నిలబడింది. మంచం మీదికి చూసింది. తల్లి కాళ్ళ దగ్గర ఉతకబోయే దుప్పటి కుప్పగా ఉంది. పిల్ల పరుగెత్తుకొచ్చి చొక్కాని లాక్కుని గుండెకి కరుచుకుంది.

"దీన్ని ఉతకొద్దు! ప్లీజమ్మా, దీన్ని ఒక్కదాన్ని ఉతకొద్దు."

సెక్రటరమ్మ దుప్పటిని కాలితో పక్కకి జరిపింది.

"అన్నీ ఉతికేస్తున్నావు," అంది పిల్ల. మొహం మీద నీళ్ళు స్నానానివా ఇంకేవైనానా తెలియడం లేదు. "నేను తీసుకునేసరికి ఒక్కదాన్లోనూ నాన్న వాసన ఉండట్లేదు. సబ్బు వాసనే. అయినా పెట్టుకుని పడుకునేదాన్ని, నీలంది, ఆకుపచ్చది. ఇది మాత్రం రోజూ తియ్యలేదమ్మా. రోజూ తీస్తే అయిపోతుందని. మరీ ఉండలేనప్పుడే తీసేదాన్ని."

"మందు…" అంది తల్లి. "మందు రాసుకుని…"

"తువ్వాలు తెల్లబడ్డప్పుడే తెలిసింది, ఈ జెల్లు తగిలితే రంగు పోతుందని. ఆరాక ఏమీ కాదనుకున్నా. కానీ తడైతే మళ్ళీ…" చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకోబోయి, చటుక్కున దాన్ని దూరం జరిపి, అరచేత్తో తుడుచుకుంది. "మానేద్దామంటే, నాన్నే కదా దగ్గరుండి తీసుకెళ్ళింది డాక్టరు దగ్గరికి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, ఏమైనా సరే ఒక్క రోజు కూడా మానొద్దు అన్నాడు. ఆస్పత్రిలో కూడా అడిగాడు, రాసుకున్నావా అని."

సెక్రటరమ్మ మంచం అంచున కూర్చుంది.

"అంకుల్ని అన్నప్పుడే చెప్పాల్సింది. నాకు తెలుసు. చెబితే నువ్వు బీరువాకి తాళం వేస్తావని, ఇది దొరికితే ఇది కూడా ఉతికేస్తావని…" పిల్ల చొక్కాలో మొహం పెట్టుకుంది. కాసేపాగి తలెత్తింది.  "చూడమ్మా. దీన్లో కూడా ఇప్పుడు మందు వాసనే వస్తోంది."

చొక్కా తల్లికి అందించింది.

సెక్రటరమ్మ మొహం దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మందు. ఇంకా లోపలికి పీల్చింది, కాలరు లోపలివైపు, చంక కింద, గుండీల పట్టీలో. మందు, నూలు, పాత దిండు. ఆయన ఎక్కడో ఉండే ఉంటాడని వెతికింది. ఇంత కాలం ఆయన్ని వారానికి రెండు చొక్కాల చొప్పున ఉతికి పారబోసింది తనే.

ఏడుపు ఆపుకోలేదు. పిల్ల కూడా ఆపుకోలేదు. అద్దం ముందు బఠాణీ గింజంత కొలిచే ఆ వేళ్ళు తల్లి వీపు మీది గుడ్డని గుప్పెట్లో పట్టుకున్నాయి. కందిన చెంప తన భుజానికి తగిలినప్పుడు ఎంత వేడిగా ఉందో తల్లికి మొదటిసారి తెలిసింది.

కింద తోపుడు బండి చక్రం రాయి మీదెక్కిన చప్పుడు వినపడింది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

సెక్రటరమ్మ చొక్కాని గలీబులో పెట్టి, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. బీరువా తెరిచి బల్బు తీసుకుంది.

"నేనూ వస్తా," అంది పిల్ల. "నేనే చెబుతా."

"నువ్వు జుట్టు తుడుచుకో."

"వాళ్ళకి ఇదంతా చెబుతావా?"

"ఇది మన గదిలోది. గది దాటదు."

మెట్ల కింద మూల అప్పటికే మూల కాదు, గోడ. బొగ్గు పొగకి నల్లబడిన చోట బల్ల ఆకారం తెల్లగా మిగిలింది. బల్ల బండెక్కింది, కాళ్ళు పైకి పెట్టి. ఇస్త్రీ అబ్బాయి తాడు చివర పళ్ళతో బిగించి ముడి వేస్తున్నాడు. లెక్కల మాస్టారు టేపు పట్టుకుని మూల వెడల్పు కొలుస్తున్నారు. ఎదురువాటావిడ రెయిలింగుకి ఆనుకుని చూస్తోంది, రెండో అంతస్తువాళ్ళు కూడా. మూల ఖాళీ అవుతుంటే చూడ్డానికి అందరికీ తీరిక దొరికింది.

సెక్రటరమ్మ బండి దగ్గరికి వెళ్ళింది. బల్బు చాపింది. అతను తీసుకోలేదు.

"అబ్బాయ్," అంది, అతనికి మాత్రమే వినపడేంత గొంతుతో. "మచ్చలు నీవల్ల కాదు. మా ఇంట్లో పడ్డాయి. గళ్ళ చొక్కా కూడా ఇంట్లోనే ఉంది. దొరికింది."

అతను తాడు ముడి లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

"నాకు చెబితే ఏముందమ్మగారూ," అన్నాడు నెమ్మదిగా. "నాకు ముందే తెలుసు కదా."

అతని గొంతులో కోపం ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకి. లేదు. అతను తలెత్తి రెయిలింగుల వైపు ఒక్కసారి చూశాడంతే. వాళ్ళే కదా, ప్రతి మడతా విప్పి వెలుగుకి పట్టుకుంది.

ఆవిడ కూడా తలెత్తింది. ఆయన సెక్రటరీగా ఉన్నప్పుడు ఇక్కడ నిలబడే కేకేసి చెప్పేవాడు, నీళ్ళు పట్టుకోండహో అని. ఆవిడ ఎప్పుడూ కేకెయ్యలేదు. ఏ విషయమైనా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పి వచ్చేది.

"అందరూ వినండి," అంది. గొంతు పగిలింది. మళ్ళీ అంది. "అబ్బాయి నీళ్ళలో ఏమీ లేదు. చొక్కా మీద మచ్చలు మా ఇంట్లోనే పడ్డాయి. పోయిందన్న చొక్కా పోలేదు."

"మీ ఇంట్లో ఎలా పడ్డాయి?" ఎదురువాటావిడ పైనుంచి అడిగింది.

"పడ్డాయి. అది మా ఇంటి సంగతి. ఆ మాట ఇతని మీద వేసింది మాత్రం నేను."

మెట్ల మలుపులో చప్పుడైంది. తువ్వాలు తలకి చుట్టుకుని పిల్ల నిలబడి ఉంది, పొట్టు లేచిన మొహం ఎవరికీ చాటు చెయ్యకుండా. ఇస్త్రీ అబ్బాయి పిల్ల వైపు చూశాడు. ముదురు ఎరుపు తువ్వాలు మీద పాలిపోయిన మచ్చల దగ్గర అతని చూపు ఆగింది. మళ్ళీ తాడు వైపు తిరిగింది. 

మాస్టారు టేపు చేత్తో పట్టుకునే దగ్గరికొచ్చి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు.

"ఏంటమ్మా? నాకు సరిగ్గా వినపడలేదు."

సెక్రటరమ్మ ఆయన వైపు తిరిగింది. తాడు మీద అతని చెయ్యి కదలడం లేదు. బల్బు చేతిలో జారకుండా గట్టిగా పట్టుకుని, ఈసారి పై అంతస్తు దాకా వెళ్ళేలా చెప్పింది.

"తప్పు నాది మాస్టారూ. నాదే తప్పు."